టీ పెట్టెలు, ఉప్పు మడులు: సంతబొమ్మాళి దారిలో అమెరికా చరిత్ర

టెక్కలి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిని వదిలి సముద్రం వైపు మళ్ళితే కొద్ది దూరంలోనే నేల తీరు మారిపోతుంది. వరిచేలు పలచబడతాయి, తంపర మొదలవుతుంది. వానలకు నిండి నెలల తరబడి నీరు వదలని పల్లపు నేలను ఇక్కడ తంపర అంటారు. చేపలు పట్టుకునేవాళ్ళకూ, గడ్డి కోసుకునేవాళ్ళకూ, పశువులు మేపుకునేవాళ్ళకూ అదే ఆధారం. దాని అంచునే నౌపడ ఉప్పు మడులు. ఒకపక్క తేలినీలాపురం కొంగల చెట్లు, మరోపక్క సంతబొమ్మాళి, కాకరాపల్లి, వడ్డితాండ్ర, ఇంకా తూర్పుకు పోతే భావనపాడు, మూలపేట, ఆపైన బంగాళాఖాతం. పక్షుల కోసమో, రావివలస ఎండల మల్లికార్జునుడి దర్శనానికో వచ్చేవాళ్ళు ఈ చుట్టుపక్కల దారులు తొక్కుతుంటారు. హైస్కూలు చరిత్ర తరగతి పిల్లల్ని ఏమి అడగాలి, వాళ్ళకు ఏ నియమాలు పెట్టాలి అన్న ప్రశ్న పట్టుకుని తిరగడానికి కూడా ఇది మంచి దారే. అందులోనూ అమెరికా చరిత్ర తరగతి గురించి. సంతబొమ్మాళిలో అమెరికా ఏమిటని విడ్డూరంగా తోచవచ్చు. కానీ అక్కడి పదకొండో తరగతి పిల్లలు ఏడాది పొడవునా చదివే కథలో ముఖ్యమైన మలుపులు కొన్నింటికి ఇవతలి కొస ఈ తీరంలోనే ఉంది. ఇంకో మాట. ఆ తరగతి నుంచి మనం తెచ్చుకోదగ్గది అక్కడి పాఠం కాదు, అక్కడి షరతు. మాట అంటే ఆధారం చూపాలి అన్న షరతు. దాన్ని ఈ మండలంలోని బడుల్లో పెడితే, నెరవేర్చడానికి కావలసిన సరుకు బడి గేటు దాటగానే దొరుకుతుంది.

అమెరికాలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బడి తెరవగానే ప్రతి సబ్జెక్టు టీచరూ ఒక కాగితం ఇంటికి పంపడం ఆనవాయితీ. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మన తల్లిదండ్రులు చాలామంది అలాంటి కాగితం కింద సంతకం పెట్టినవాళ్ళే. హోంవర్కుకు ఎంత శాతం, పరీక్షలకు ఎంత, ఆలస్యంగా ఇస్తే ఎన్ని మార్కులు పోతాయి, ఇంకొకరి రాత ఎత్తి రాస్తే ఏమవుతుంది, ఫోను ఎక్కడ పెట్టాలి, చర్చలో ఎదుటివాళ్ళ మాటకు ఎలా అడ్డు రాకూడదు, ఇలా సాగుతుంది. ఇందులో ఎక్కువ భాగం తరగతి నడపడానికి కావలసిన కట్టుబాట్లే, వాటి గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. అసలు సంగతి చరిత్ర కాగితంలో ప్రత్యేకంగా కనిపించే నియమంలో ఉంది: అభిప్రాయం ఎవరికైనా ఉండవచ్చు, మార్కు మాత్రం ఆధారానికే. అక్కడ కాలేజీ బోర్డు నడిపే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అమెరికా చరిత్ర పరీక్షలో ఈ నియమానికి గట్టి రూపం ఉంది. పిల్లల ముందు ఏడు పత్రాలు పెడతారు. ఉత్తరం, ఉపన్యాసం, వ్యంగ్య చిత్రం, చట్టం ముక్క, పటం, ఏవైనా కావచ్చు. గంట సమయం. వాటిని చదివి ఒక వాదం నిలబెట్టాలి, ఆ పత్రం ఎవరు, ఎవరి కోసం, ఎందుకు రాశారో తూకం వేయాలి, పత్రాల్లో లేని ఆధారం ఇంకొకటి తన చదువులోంచి తేవాలి. మొత్తం మార్కుల్లో నాలుగో వంతు దీనికే. 1973 నుంచీ ఈ ప్రశ్న ఆ పరీక్షలో ఉంది. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి సోషల్ పరీక్ష వ్యవధి మూడు గంటల పదిహేను నిమిషాలు. ఆ అమెరికా పరీక్ష వ్యవధీ సరిగ్గా అంతే. తేడా ఆ సమయంలో ఏమి చేయిస్తారన్నదాంట్లో ఉంది. మన పరీక్షలో నూరు మార్కులు, ముప్పై అయిదు వస్తే పాసు. ఇప్పుడు పిల్లల చేతుల్లో ఉన్న ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో మూల పత్రాలు పెట్టెల్లో కనిపిస్తాయి, చర్చించమని సూచనలూ ఉంటాయి, పుస్తకాన్ని తప్పు పట్టనక్కరలేదు. పరీక్ష దగ్గరికొచ్చేసరికి ఆ పెట్టెలను దాటేసి, కారణాలు రాయండి, ఫలితాలు వివరించండి అన్న ప్రశ్నల కోసం గైడు తెరుస్తారు. పరీక్ష అడగనిదాన్ని పిల్లలు చదవరు. అది వాళ్ళ తప్పూ కాదు.

ఇక దారిలోకి వద్దాం. నౌపడ జంక్షన్ దాటాక ఉప్పు మడులు. సముద్రపు ఏటి నీటిని కాలవల ద్వారా మడుల్లోకి తెచ్చి ఎండకు చిక్కబరిచి, గడ్డకట్టిన ఉప్పును చెక్క పలకలతో లాగి గట్ల మీద కుప్పలు పోస్తారు. ఈ కుప్పల పక్కన నిలబడి అమెరికా పాఠం మొదలుపెట్టడానికి 1765 అనువైన సంవత్సరం. ఆ ఏడు మార్చిలో బ్రిటిష్ పార్లమెంటు అమెరికా వలసల మీద స్టాంపు పన్ను చట్టం చేసింది; స్వాతంత్ర్య పోరాటం కథను అక్కడి పుస్తకాలు దాదాపు ఇక్కణ్ణుంచే అందుకుంటాయి. అదే ఏడు ఆగస్టులో మొగలు చక్రవర్తి రెండో షా ఆలం ఫర్మానాతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. టెక్కలి, నౌపడ ఉన్న చికాకోల్ సర్కారు వాటిలో ఒకటి. నిజాంతో 1766లో ఒప్పందం కుదిరాకే కంపెనీ పట్టు నిలిచింది. ఫర్మానా వచ్చిన ఎనిమిదేళ్ళకు, 1773 డిసెంబరు 16 రాత్రి, బోస్టన్ రేవులో 342 టీ పెట్టెలు నీళ్ళపాలయ్యాయి. ఆ టీ ఇదే కంపెనీది. టీ ఆకు చైనాది, పెట్టెలు లండన్‌వి, నష్టం మాత్రం మన తీరం మీద శిస్తు వసూలు చేస్తున్న సంస్థది. దివాలా అంచున ఉన్న కంపెనీని గట్టెక్కించడానికే పార్లమెంటు ఆ ఏడు టీ చట్టం తెచ్చింది. దివాలాకు కారణాల్లో దాని యుద్ధ ఖర్చులూ, 1770 బెంగాల్ కరువూ ఉన్నాయి. అమెరికా విద్యార్థి దీన్ని ప్రాతినిధ్యం లేని పన్ను కథగా చదువుతాడు, అది నిజమే. నౌపడ విద్యార్థి అదే సంఘటనకు ఇంకో ప్రశ్న జోడించగలడు: ఆ కంపెనీ అదే ఏళ్ళలో మా ఊళ్ళో ఏమి చేస్తోంది? 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు కంపెనీ గుత్తాధిపత్యం అయింది. టీ మీద పన్ను వేసిన రాజ్యమే ఉప్పు మీదా చేయి వేసింది. అక్కడ జనం పెట్టెలు పగలగొట్టారు, ఇక్కడ అలాంటి ఎదిరింపుకు నూట ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఎందుకు అన్నది పదో తరగతి పిల్లలకు పెట్టదగ్గ ప్రశ్న, పాఠ్యపుస్తకంలో సిద్ధంగా జవాబు లేని ప్రశ్న.

రెండో ముడి మరీ గట్టిది. 1781 అక్టోబరులో యార్క్‌టౌన్ దగ్గర వాషింగ్టన్ సేనకు లొంగిపోయిన బ్రిటిష్ సేనాని లార్డ్ కారన్‌వాలిస్. ఒంట్లో బాగాలేదని చెప్పి లొంగుబాటుకు తాను రాకుండా కింది అధికారిని పంపాడు. అమెరికా పుస్తకాల్లో ఆయన కథ ఆ పేజీతో ముగుస్తుంది. మన పుస్తకాల్లో మొదలయ్యేది 1786లో, గవర్నర్ జనరల్‌గా. 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు ఒప్పందం, 1802 నాటి రెగ్యులేషన్‌తో మద్రాసు రాజధానిలోనూ అదే పద్ధతి. టెక్కలి, పర్లాకిమిడి, మందస జమీందారీల రైతులు ఆ చట్రంలోనే నూట నలభై ఏళ్ళు గడిపారు. జమీందారు కట్టాల్సిన శిస్తు స్థిరం, రైతు కట్టాల్సింది మాత్రం స్థిరం కాదు, పైగా అడవి ఎవరిదన్న తగువు. 1929లో న్యూయార్క్ షేరు మార్కెట్ కుప్పకూలాక వచ్చిన ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయినా చెల్లింపుల భారం తగ్గలేదు. ఆ దశాబ్దపు రైతు ఉద్యమాల కొసనే 1940లో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి, అదే ఏడు మందస జమీందారీలో అడవి కలప కోసం తలపడ్డ రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. వీర గున్నమ్మగా ఈ ప్రాంతం చెప్పుకునే సాసుమాన గున్నమ్మ, ఆమెతోపాటు మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. జమీందారీలు రద్దు చేస్తూ మద్రాసు చట్టం 1948లో వచ్చింది. యార్క్‌టౌన్ నుంచి మందసకు గీత గీయడం పిల్లలకు ఉత్సాహంగానే ఉంటుంది, కానీ తరగతి నియమం అక్కడే పనిచేయాలి. ఒక్క కారన్‌వాలిస్ వల్లే ఇదంతా జరిగిందని రాసిన పిల్లకు పూర్తి మార్కులు ఇవ్వకూడదు. శాశ్వత శిస్తు ఆలోచనను ఫిలిప్ ఫ్రాన్సిస్ 1776లోనే కాగితం మీద పెట్టాడు. కారన్‌వాలిస్ వచ్చినా రాకపోయినా కంపెనీకి నికరమైన రాబడి కావాల్సి వచ్చింది. ఈ అభ్యంతరం పిల్లల నోటే రాబట్టగలిగితే ఆ రోజు పాఠం జరిగినట్టు.

ఆధారం అడగడం చరిత్రకే పరిమితమైన అలవాటు కాదనడానికి తేలినీలాపురం సాక్ష్యం. శీతాకాలం ముందు ఇక్కడి చెట్ల మీదకు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గుంపులుగా చేరి గూళ్ళు కడతాయి, పిల్లల్ని లేపుకుని ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. ఊరివాళ్ళు వాటిని అతిథుల్లా చూసుకుంటారు, అవి వస్తే పంటలు బాగుంటాయని నమ్మకం. సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరివస్తాయని పత్రికలు ఏటా రాస్తాయి, సందర్శకులూ అదే చెప్పుకుంటారు. ఈ రెండు జాతులూ భారతదేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ ఉండేవి, ఇక్కడే గూడు కట్టేవి. సైబీరియాలో వీటికి నివాసం లేదు. నిజానికి పక్షి పొదిగేది ఇక్కడైతే దాని పుట్టిల్లు ఇదే కదా అన్న మామూలు తర్కం చాలు, ఆ మాటను అనుమానించడానికి. అచ్చయిన మాట, ఊరంతా నమ్మే మాట, ప్రేమతో చెప్పే మాట కూడా తప్పు కావచ్చు. ఈ సంగతి ఒక పద్నాలుగేళ్ళ పిల్ల నొప్పి లేకుండా నేర్చుకోవడానికి ఇంతకంటే మెత్తని ఉదాహరణ దొరకదు. కొంగల విషయంలో ఎవరి కులమూ, పార్టీ, భూమీ అడ్డం రావు. అక్కడ అలవాటైన ప్రశ్నను తర్వాత కష్టమైన చోట్లకు తీసుకుపోవచ్చు.

మళ్ళీ ఉప్పు దగ్గరికి. 1930 ఏప్రిల్ 6న దండిలో గాంధీజీ ఉప్పు పట్టుకున్నాక ఆంధ్ర తీరం పొడవునా జనం చట్టాన్ని ధిక్కరించి ఉప్పు తీశారు. ఆ ఏడు మే 21న గుజరాత్‌లోని ధరాసన ఉప్పు కొఠారు ముందు సత్యాగ్రహుల మీద పడిన లాఠీ దెబ్బలను ప్రపంచానికి తెలియజేసినవాడు వెబ్ మిల్లర్ అనే అమెరికా విలేకరి. యునైటెడ్ ప్రెస్ ద్వారా ఆయన వార్త దేశదేశాలకూ చేరింది. పాతికేళ్ళకు అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లవారి బస్సుల బహిష్కారం, 1959లో మార్టిన్ లూథర్ కింగ్ భారతయాత్ర. చట్టాన్ని ధిక్కరించడం గురించి గాంధీజీ చదివిన అమెరికా రచయిత థోరో వ్యాసం 1849 నాటిది. అంటే ఆలోచన అట్లాంటిక్ దాటి వచ్చి, ఉప్పులో నాని, మళ్ళీ దాటి వెళ్ళింది. ఈ రాకపోకలు పాఠాల్లో విడివిడిగా ఉంటాయి, కలిపి చదవమని ఏ ప్రశ్నా అడగదు. అమెరికా బడిలో ఉప్పు సత్యాగ్రహం చదివే పిల్ల ఉప్పు మడి ఎలా ఉంటుందో బొమ్మలో చూస్తుంది. నౌపడ పిల్ల మడి గట్టు మీద నడిచి బడికి వస్తుంది, ఉప్పు చట్టం మాత్రం గుజరాత్‌లో జరిగిన సంగతిగా బట్టీపడుతుంది. ఈ రెంటిలో ఏది ఎక్కువ వింతో చెప్పడం కష్టం.

ఇంతవరకూ అమెరికా పద్ధతిని పొగిడినట్టుంది. కానీ తరగతి నియమాలు చరిత్రను ఎంతగా వంచగలవో చూపే ఉదాహరణలు కూడా అక్కడే ఎక్కువ. అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది రాష్ట్రాల తరఫున ఒక మహిళా సంఘం దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాలకు కాపలా కాసింది. ఆ సంఘం చరిత్రకారిణి మిల్డ్రెడ్ రూథర్‌ఫర్డ్ 1919 ప్రాంతంలో పుస్తకాలను కొలిచే కొలబద్ద అంటూ చిన్న పుస్తకం వేసింది. యుద్ధం బానిసత్వం కోసం జరిగిందన్న పుస్తకాన్ని తిరస్కరించండి, గ్రంథాలయంలో ఉంటే దక్షిణాదికి అన్యాయం చేసిన పుస్తకమని ముద్ర వేయండి అని అందులో సూచనలు. ఆ కొలబద్ద కింద పెరిగిన తరాలు ఎన్నో. ఓక్లహోమాలోని టల్సాలో 1921లో నల్లవారి పేటను తగలబెట్టి జనాన్ని చంపిన ఘటన ఆ రాష్ట్రపు పుస్తకాల్లో సైతం చాలాకాలం కనిపించలేదు. దూరం పోనక్కరలేదు, 2014లో కొలరాడోలోని జెఫర్సన్ కౌంటీ స్కూలు బోర్డు సభ్యులు దేశభక్తిని పెంచే, శాంతిభద్రతల ఉల్లంఘనను ప్రోత్సహించని పాఠాలే ఉండాలని అమెరికా చరిత్ర కోర్సును సమీక్షించబోతే వందలాది పిల్లలు తరగతులు వదిలి వీధిలోకి వచ్చారు. టీ పెట్టెలు పగలగొట్టడంతో మొదలైన దేశ చరిత్రను చట్టోల్లంఘన లేకుండా ఎలా చెబుతారని ఆ పిల్లలకు తోచింది, పెద్దలకు తోచలేదు. మరుసటి ఏడు ఓటర్లు ముగ్గురు సభ్యులను పదవి నుంచి దించారు. ఈ ఉదాహరణలు నా వాదానికి ఎదురు కాదు, దన్ను. ఏ పుస్తకం చదవాలో పై నుంచి తేల్చే నియమం ఒకటి, ఏ పుస్తకాన్నయినా ఆధారం అడగమనే నియమం ఇంకొకటి. రూథర్‌ఫర్డ్ కొలబద్ద మొదటిది. ఏడు పత్రాల ప్రశ్న రెండోది. సంతబొమ్మాళికి కావలసింది రెండోదే.

గట్టి అభ్యంతరం ఇక్కడ ఎదురవుతుంది. 2011 ఫిబ్రవరి 28న ఈ మండలంలోనే, కాకరాపల్లి థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా సాగిన ఆందోళనలో, వడ్డితాండ్ర దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అంతకు ముందు ఏడు, 2010 జులై 14న, సోంపేట బీల అనే చిత్తడి నేల కోసం జరిగిన ఆందోళనలోనూ అదే జరిగింది. పలాస పక్కన బొడ్డపాడు పేరు చెబితే 1960ల చివరి శ్రీకాకుళ సాయుధ పోరాటం గుర్తుకు రాకుండా ఉండదు. మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. అక్కడ భూమి పోయిన ఇంటి పిల్లా, పని దొరుకుతుందని ఎదురుచూసే ఇంటి పిల్లా ఒకే బెంచీ మీద ఉండవచ్చు. ఇలాంటి చోట ఆధారాలతో వాదించమంటే తరగతిలో తగువు పెట్టినట్టే, ప్రభుత్వ ఉద్యోగి అయిన మాష్టారు చిక్కుల్లో పడతారు, పిల్లలు తమ ఇంటి గుట్టు బయటపెట్టుకోవలసి వస్తుంది అని అంటారు. ఈ భయంలో నిజం ఉంది, కొట్టిపారేయకూడదు. కానీ పిల్లలకు ఈ ఘటనలు తెలియకుండా ఉంటాయనుకోవడం మాత్రం పొరపాటు. అరుగు మీద, రేవులో, ఎన్నికల సభలో వాళ్ళు విననే వింటారు, అదీ ఒకే పక్షం నుంచి. బడి మాట్లాడకపోతే మొదట విన్న మాటే చరిత్ర అవుతుంది. అలాంటప్పుడు మూడు కట్టుబాట్లు చాలు. మాష్టారు తీర్పు చెప్పరు. ఏ పిల్లనూ తన కుటుంబం తరఫున మాట్లాడమని అడగరు. పిల్ల ఏ పక్షం తీసుకుందన్నదానికి మార్కు లేదు, ఎదుటి పక్షపు పత్రాన్ని సరిగ్గా చెప్పిందా లేదా అన్నదానికే మార్కు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, దాని మినిట్సు రాయాలి. అలాంటి మినిట్సు, పోలీసుల ప్రకటన, మత్స్యకారుల వినతిపత్రం, కోర్టు ఉత్తర్వు, రెండు పత్రికల వార్తలు పక్కపక్కన పెట్టి, ఎవరు ఏమి చెప్పారు, ఏమి చెప్పలేదు అని అడగడంలో రాజకీయం లేదు. అప్పటికీ వేడి ఎక్కువనిపిస్తే మందసతో మొదలుపెట్టవచ్చు. 1940 ఇప్పుడు ఎవరి ఓటునూ తాకదు.

రెండో అభ్యంతరం లెక్కలది. ఆధారాల పద్ధతి అంత గొప్పదైతే అమెరికా పిల్లలకే చరిత్ర ఎందుకు రావడం లేదు? 2022లో వాళ్ళ జాతీయ మదింపు పరీక్షలో ఎనిమిదో తరగతి పిల్లల్లో అమెరికా చరిత్రలో నిపుణత స్థాయి అందుకున్నది 13 శాతమే. మంచి ప్రశ్న. జవాబులో ఒక భాగం: ఏడు పత్రాల ప్రశ్న రాసేది దేశంలో కొందరు పిల్లలే, ఆ మదింపు రాసేది అందరి తరఫునా తీసిన నమూనా, చదవడం, గణితం పరీక్షల మీదికే సమయమంతా మళ్ళడంతో చాలా బడుల్లో సోషల్‌కు గంటలు తగ్గాయి. రెండో భాగం ఒప్పుకోవలసింది: ఆధారం అడగడం సంగతులు తెలియడానికి బదులు కాదు. 1793 అంటే ఏమిటో తెలియని పిల్ల ముందు శిస్తు రెగ్యులేషన్ పెడితే కాగితం మీద అక్షరాలు తప్ప ఏమీ కనిపించవు. కాబట్టి తేదీలూ పేర్లూ బట్టీపెట్టడాన్ని తిట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. బట్టీ తొలి మెట్టు, అది అవసరం. మన పొరపాటల్లా అక్కడే ఆగిపోవడం.

పత్రాలు ఎక్కడివి, అవన్నీ చెన్నైలోనో లండన్‌లోనో ఇంగ్లీషులో ఉన్నాయి కదా అన్నది ఇంకో మాట. కొంతవరకు నిజం. గంజాం జిల్లా రికార్డుల్లో చాలా భాగం మద్రాసు ప్రభుత్వానివి, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడే దాకా ఈ ఊళ్ళు గంజాంలో ఉన్నాయి, శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లో. అయినా పత్రం అంటే పాత కాగితమే కానక్కరలేదు. నౌపడ జంక్షన్ నుంచి పర్లాకిమిడికి 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1931 నాటికి గుణుపూరు చేరింది, 2004లో ఆగి బ్రాడ్‌గేజీగా మళ్ళీ నడిచింది. ఒక జమీందారుకు రైలు ఎందుకు కావాల్సి వచ్చింది, ఏ సరుకు ఎటు పోయింది అన్న ప్రశ్నకు పాత టైంటేబుల్ చాలు. పలాస వైపు పోతే ఉద్దానం జీడితోటలు. జీడి చెట్టు బ్రెజిల్‌ది, పోర్చుగీసువాళ్ళు పదహారో శతాబ్దంలో తెచ్చారు. కాశీబుగ్గ కర్మాగారాల్లో జీడిపిక్కలు కాల్చి, పగలగొట్టి, పప్పు ఏరే మహిళల చేతుల్లో ఉన్నది అమెరికా ఖండపు చరిత్రే. ఇంట్లో మిరపకాయ, వేరుశనగ, జామ, బొప్పాయి కూడా అక్కడివే. కొలంబస్ పాఠాన్ని వంటింటి సామానుతో మొదలుపెట్టడానికి ఏ పురాలేఖన శాఖ అనుమతీ అక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ జీడి, కొబ్బరి తోటలను పడగొట్టినప్పుడు రాసిన నష్టపరిహారం దరఖాస్తులు రేపటి చరిత్రకారుడికి ముడిసరుకు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత కూడా ఒకే కారణమని ఎవరూ తేల్చలేదు. తెలియదు అన్నది కూడా ఒక జవాబేనని, దాన్ని ఎలా రాయాలో ఈ పిల్లలకు చెప్పడానికి దూరపు ఉదాహరణ వెతకక్కరలేదు. ఊరి సంగతులే చెబితే పిల్లలు బావిలో కప్పలవుతారన్న మాటకు జవాబు పైన వచ్చేసింది. ఈ ఊరి సంగతులు బోస్టన్, యార్క్‌టౌన్, మాంట్‌గోమరీ, బ్రెజిల్ తాకకుండా పూర్తికావు.

అమెరికా కాగితంలోని ఆలస్యం, గైర్హాజరు నియమాలను మాత్రం ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదు. రోజుకు ఇన్ని మార్కులు కోత అన్నది, పనుల కోసం తల్లిదండ్రులు విశాఖకో చెన్నైకో గుజరాత్ రేవులకో పోయే ఇళ్ళలో, డయాలసిస్‌కు తోడుగా పెద్దపిల్ల వెళ్ళాల్సిన ఇళ్ళలో, పేదరికం మీద జరిమానా అవుతుంది. రానివారికి కోత పెట్టే బదులు వచ్చాక చేయగల పని ఇవ్వాలి: ఒక పెద్దావిడను ఉప్పు మడి కూలి గురించో, తిత్లీ రాత్రి గురించో అడిగి, ఆవిడ చెప్పినది, తనకు నమ్మశక్యంగా తోచనిది, రెండూ విడివిడిగా రాసుకురమ్మనాలి. ఎత్తి రాయడం మీద నియమం మాత్రం అక్కడికంటే ఇక్కడ కఠినంగా ఉండాలి, ఎందుకంటే గైడును అక్షరం పొల్లుపోకుండా దించితే మార్కులొచ్చే అలవాటు మనదే. పుస్తకంలో మాట రాస్తే పుస్తకం పేరు, అమ్మమ్మ మాట రాస్తే అమ్మమ్మ పేరు. అంతకుమించి పదో తరగతికి అక్కరలేదు.

ఇదంతా మొత్తం పరీక్ష మార్చే పని అనుకోనక్కరలేదు. పదో తరగతి సోషల్ పేపరులో ఎనిమిదేసి మార్కుల వ్యాస ప్రశ్నలు అయిదు. వాటిలో ఒక్కదాన్ని జిల్లాకో రకంగా, ఏడు చిన్న పత్రాలతో అడిగితే చాలు. శ్రీకాకుళానికి అది ఇలా ఉండవచ్చు: 1765 ఫర్మానాలోంచి నాలుగు వాక్యాలు, 1773 టీ చట్టంలోంచి మూడు, 1802 రెగ్యులేషన్ ముక్క, నౌపడ రైలు పటం, 1930 నాటి అమెరికా పత్రిక వార్త, 1940 మందస కాల్పుల గురించి ప్రభుత్వ ప్రకటన, అదే ఘటన మీద రైతు సంఘం ప్రకటన. ప్రశ్న ఒకటే: వీటిలో ఏ రెండు ఒకదాన్నొకటి కాదంటున్నాయి, నువ్వు దేన్ని నమ్ముతావు, ఎందుకు? తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయవచ్చు. మిగతా తొంభై రెండు మార్కులూ ఎప్పటిలాగే ఉండనివ్వండి. ఎనిమిది మార్కుల కోసం గైడులు కూడా పత్రాలు అచ్చువేయక తప్పదు.